కంటి సూది – నొప్పి తగ్గించిన వారి చరిత్ర



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను పే రివిజన్ గురించో, డి.ఆర్. బకాయిల గురించో రాస్తానని ఆయన అనుకొని ఉంటారు. ఆ విషయాలు నాకంటే బాగా తెలిసినవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను కంట్లో వేసే ఇంజక్షన్ గురించి రాస్తున్నాను. షుగరు ఉన్నవారికి, వయసు మళ్ళినవారికి కంటి వెనక ఉండే రెటీనా దెబ్బతిన్నప్పుడు ఈ ఇంజక్షన్ వేస్తున్నారు. మనలో ఇప్పటికే కొందరు వేయించుకుంటున్నారు. మరికొందరు "కంట్లో సూదా! ఆ చూపు లేకపోయినా ఫర్వాలేదు" అని ఇంట్లో కూర్చున్నారు. అలా కూర్చున్నవారిలో నేనూ ఒకడిని. దానికి నేను చెల్లించిన మూల్యం ఎంతో చివర మనవి చేస్తాను. ముందు ఈ నొప్పి చరిత్ర కొంచెం చెప్పుకుందాం.

అమ్మ ఆపరేషన్

1971లో మా అమ్మకు కంటి శుక్లం తీశారు. గుంటూరు జిల్లాలో మా ఊరికి దగ్గరలోని హైస్కూల్లో కంటి శిబిరం పెట్టారు. తరగతి గదుల్లో బెంచీలు తీసేసి వరసగా పక్కలు వేశారు. ఆపరేషన్ అయినవారి తల కదలకుండా రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టేవారు. దగ్గకూడదు, తుమ్మకూడదు, పక్కకు ఒత్తిగిలకూడదు. అమ్మకు అన్నం మెత్తగా కలిపి నేనే నోట్లో పెట్టేవాడిని. కట్టు విప్పాక కొన్నాళ్ళకు సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చారు. వాటితో అమ్మ మళ్ళీ బియ్యంలో రాళ్ళు ఏరుకుంది.

ఆ తర్వాత ఎన్నేళ్ళు గడిచినా అమ్మ ఒక్కటే మాట చెప్పేది. "ఒరే నాయనా, కోసింది నాకు తెలియనే లేదురా. దానికి ముందు కన్ను వెనక్కి పొడిచారు చూడు ఒక సూది, అదిరా నా ప్రాణం తీసింది" అనేది. ఆ సూది ఏమిటో, ఎవరు కనిపెట్టారో అప్పుడు నాకు తెలియదు. రిటైరయ్యాక, నా కంటికే అవసరం వచ్చాక, చదివి తెలుసుకున్నాను.

పూర్వకాలంలో

కంటి శుక్లానికి చికిత్స మన దేశంలో చాలా పాతది. సుశ్రుత సంహితలోనే దాని వివరణ ఉంది. సన్నని పరికరంతో కంటి పక్కనుంచి లోపలికి వెళ్ళి, మసకబారిన కటకాన్ని చూపుకు అడ్డం లేకుండా తొలగించేవారు. తర్వాత స్త్రీ స్తన్యంతో కంటిని తడిపేవారు. ఈ పద్ధతి వేల ఏళ్ళు నడిచింది. ఊరూరా తిరిగే కంటి వైద్యులు 20వ శతాబ్దంలో కూడా ఇదే చేసేవారు. కోస్తా ఆంధ్ర మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఆ రోజుల్లో, మద్రాసు ప్రభుత్వ కంటి ఆసుపత్రి సూపరింటెండెంటుగా పనిచేసిన ఆర్. హెచ్. ఇలియట్, ఈ విధానం వల్ల చూపు పోగొట్టుకున్నవారిని పరీక్షించి ఒక పుస్తకమే రాశాడు.

1747లో ఫ్రాన్సుకు చెందిన జాక్ దావియెల్ శుక్లాన్ని కంట్లోనే పక్కకు నెట్టడం కాకుండా పూర్తిగా బయటికి తీసే విధానం మొదలుపెట్టాడు. చికిత్స మారింది గాని నొప్పి మారలేదు. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, వెనకనుంచి ఒక మనిషి తల గట్టిగా పట్టుకునేవాడు. అంతే మత్తు.

1846 అక్టోబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో ఈథర్ వాసన చూపించి నొప్పి లేకుండా ఆపరేషన్ చేసి చూపించారు. మరుసటి ఏడాది క్లోరోఫారం వచ్చింది. క్లోరోఫారం వల్ల ప్రాణాపాయం గుండెకా, ఊపిరికా అని తేల్చడానికి 1888, 1889లలో మన హైదరాబాదులోనే నిజాం ప్రభుత్వ ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలో రెండు కమిషన్లు పనిచేశాయి. అవి ప్రపంచ ప్రసిద్ధి పొందాయి.

అయితే ఈ మత్తులు కంటి డాక్టర్లకు పెద్దగా పనికిరాలేదు. స్పృహ వచ్చాక రోగి వాంతులు చేసుకునేవాడు. అప్పట్లో కంటి గాయానికి కుట్లు వేసే అలవాటు లేదు. వాంతి వచ్చి ఒళ్ళు కుదిస్తే, అప్పుడే కోసిన కన్ను విచ్చుకునేది. పైగా ఆపరేషన్ మధ్యలో "పైకి చూడు, కిందికి చూడు" అంటే వినే రోగి కావాలి. మనిషి మెలకువగా ఉండాలి, కన్ను మాత్రం మొద్దుబారాలి. అలాంటి మందు కోసం కంటి డాక్టర్లు ఎదురుచూస్తూ ఉన్నారు.

వియన్నా కుర్ర డాక్టరు

ఆ మందు కనిపెట్టినవాడు కార్ల్ కొల్లర్. 1857లో బొహీమియాలో పుట్టిన యూదు కుటుంబీకుడు. వియన్నా జనరల్ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగి. అదే ఆసుపత్రిలో అతని స్నేహితుడు సిగ్మండ్ ఫ్రాయిడ్. తర్వాత మనస్తత్వ శాస్త్రంలో జగత్ప్రసిద్ధుడైన ఫ్రాయిడే ఆయన. 1884లో ఫ్రాయిడ్ కొకైన్ అనే మందు గుణాల మీద పరిశోధన చేసి వ్యాసం ప్రచురించాడు. ఆ వేసవి చివర పెళ్ళి నిశ్చయమైన అమ్మాయిని చూడటానికి వేరే ఊరు వెళ్ళాడు.

కొకైన్ నాలుకకు తగిలితే నాలుక మొద్దుబారుతుందని అప్పటికి చాలామందికి తెలుసు. ఒకరోజు తోటి డాక్టరు ఒకాయన అదే మాట అన్నప్పుడు, కొల్లర్‌కు మెరుపులా తట్టింది. నాలుకను మొద్దుబార్చేది కన్నును ఎందుకు మొద్దుబార్చదు? వెంటనే ప్రయోగశాలకు వెళ్ళి, కొంచెం పొడి నీళ్ళలో కలిపి ఒక కప్ప కంట్లో చుక్క వేశాడు. నిమిషం గడిచాక కంటిని తాకితే కప్ప రెప్ప వాల్చలేదు. తర్వాత కుందేలు, ఆ తర్వాత కుక్క. చివరికి తానూ, అక్కడున్న సహాయకుడూ ఒకరి కంట్లో ఒకరు చుక్కలు వేసుకొని, గుండుసూది తలతో నల్లగుడ్డును తాకి చూసుకున్నారు. తెలియలేదు!

1884 సెప్టెంబర్ 15న జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభ జరిగింది. అంత దూరం వెళ్ళడానికి కొల్లర్ దగ్గర దారిఖర్చులకు డబ్బు లేదు. ట్రియెస్ట్ నుంచి వచ్చిన బ్రెట్టవర్ అనే డాక్టరు అతని కాగితం తీసుకువెళ్ళి చదివి, అందరి ముందూ ప్రయోగం చేసి చూపించాడు. టి.ఏ. బిల్లు ముందుగా మంజూరు కాక ప్రయాణం మానుకున్న ఉద్యోగులం మనం. ఆ కుర్ర డాక్టరు బాధ మనకు తెలియనిది కాదు. కొద్ది వారాల్లోనే ఆ కబురు సముద్రం దాటి న్యూయార్కు చేరింది.

1885 ఏప్రిల్‌లో ఫ్రాయిడ్ తండ్రికి కంటి ఆపరేషన్ అవసరమైంది. చేసినవాడు కోనిగ్‌స్టైన్ అనే డాక్టరు. కంట్లో కొకైన్ మత్తు చుక్కలు వేసినవాడు కొల్లర్. పక్కన నిలబడి సహాయం చేసినవాడు ఫ్రాయిడ్. తన స్నేహితుడు కనిపెట్టిన మందుతో తన తండ్రి నొప్పి లేకుండా బయటపడటం ఫ్రాయిడ్ కళ్ళారా చూశాడు.

కొల్లర్‌కు మాత్రం వియన్నాలో న్యాయం జరగలేదు. అదే ఏడాది జనవరిలో తోటి డాక్టరు ఒకడు జాతి పేరుతో దూషిస్తే గొడవై, కత్తులతో ద్వంద్వ యుద్ధం దాకా వెళ్ళింది. కోరుకున్న ఉద్యోగం రాలేదు. ఊరు వదిలి హాలండ్ వెళ్ళి, 1888లో న్యూయార్కు చేరి, అక్కడే కంటి వైద్యుడిగా స్థిరపడ్డాడు. 1944లో కన్నుమూశాడు.

చుక్క నుంచి సూదికి, సూది నుంచి చుక్కకు

చుక్క మందు కంటి పైభాగాన్ని మొద్దుబారుస్తుంది గాని లోతుగా పనిచేయదు. అందుకని 1884లోనే న్యూయార్కు డాక్టరు హెర్మన్ నాప్, కన్ను తీసివేయవలసిన ఆపరేషన్‌లో కొకైన్‌ను కంటి గుడ్డు వెనక్కి సూదితో ఎక్కించాడు. అమ్మ జీవితాంతం చెప్పుకున్న సూదికి మూలపురుషుడు ఆయనే. పెద్ద నొప్పి తెలియకుండా చేయడానికి ముందుగా ఒక చిన్న నొప్పి. చాలాకాలం కంటి వైద్యం ఇలాగే నడిచింది.

కొకైన్‌తో చిక్కులూ వచ్చాయి. నల్లగుడ్డు పైపొర దెబ్బతినేది. మోతాదు మించితే ప్రాణాపాయం. అన్నిటికీ మించి అది వ్యసనం. మత్తు ఇంజక్షన్ల మీద ప్రయోగాలు చేసిన న్యూయార్కు సర్జన్ విలియం హాల్‌స్టెడ్ తానే దానికి బానిసయ్యాడు. అందువల్ల వ్యసనం కాని మందు కోసం వెతికారు. 1905 నాటికి జర్మనీలో ప్రొకైన్ వచ్చింది. 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ లిడొకైన్ తయారుచేశాడు. అతని తోటి శాస్త్రజ్ఞుడు లుండ్‌క్విస్ట్ దాన్ని తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. పళ్ళ డాక్టరు దగ్గర మనందరం వేయించుకున్న జైలోకైన్ అదే.

1980లలో సూదిని కంటి వెనక అంత లోతుకు పోనీయకుండా, గుడ్డు చుట్టూ ఉన్న చోట మత్తు ఇవ్వడం వ్యాప్తిలోకి వచ్చింది. 1990లలో శుక్లం ఆపరేషన్ చిన్న గాటుతో అయిపోవడం మొదలయ్యాక, కొందరు డాక్టర్లు సూదే లేకుండా చుక్కలతోనే ఆపరేషన్ చేయసాగారు. అంటే నూరేళ్ళు తిరిగి మళ్ళీ కొల్లర్ చుక్క దగ్గరికే వచ్చారన్నమాట. 2014లో నా కుడి కంటికి శుక్లం తీసింది ఆ చుక్కలతోనే. ఇసుక మూటలు లేవు. అదే సాయంత్రం ఇంటికొచ్చి కాఫీ తాగాను. అమ్మ ఉంటే నమ్మేది కాదు.

కంటి లోపలికే మందు

ఇక ఇంజక్షన్ మాట. కంటి గుడ్డు లోపలికి సూది వేయడం కూడా కొత్త కాదు. 1911లోనే ఓమ్ అనే డాక్టరు ఊడిన రెటీనాను అతికించడానికి కంట్లోకి గాలి ఎక్కించాడు. తర్వాత కంటి లోపల చీము పట్టినప్పుడు యాంటీబయాటిక్ మందులు ఇలాగే ఇచ్చేవారు. అవి ప్రాణం మీదికి వచ్చినప్పుడు చేసే పనులు. మామూలు మనుషులు నెలనెలా వేయించుకునే ఇంజక్షన్ వచ్చింది ఈ శతాబ్దంలోనే.

దాని వెనక కథ క్యాన్సర్ పరిశోధనది. కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపితే క్యాన్సర్ గడ్డను ఎండగట్టవచ్చని 1971లో అమెరికా సర్జన్ జూడా ఫోక్‌మన్ ప్రతిపాదించాడు. ఆ నాళాలను పెంచే పదార్థాన్ని 1989లో నెపోలియోన్ ఫెరారా బృందం పట్టుకుంది. దాని పేరు వి.ఇ.జి.ఎఫ్. షుగరు వల్ల దెబ్బతిన్న కళ్ళలో కూడా ఇదే పదార్థం ఎక్కువగా ఉంటుందని 1994లో తేలింది. రెటీనా మీద పిచ్చి రక్తనాళాలు మొలవడానికి, నీరు చేరడానికి కారణం అదే.

ఆ పదార్థాన్ని అణిచే మందును కంట్లో ఇవ్వడానికి అమెరికా ప్రభుత్వం 2004 డిసెంబరులో మొదటిసారి అనుమతి ఇచ్చింది. 2005లో మయామీలో ఫిలిప్ రోసెన్‌ఫెల్డ్ అనే డాక్టరు, పేగు క్యాన్సర్‌కు వాడే బెవాసిజుమాబ్‌ను అతి చిన్న మోతాదులో కంట్లో వేసి ఫలితం చూశాడు. 2006లో రానిబిజుమాబ్, 2011లో అఫ్లిబర్సెప్ట్ వచ్చాయి. చవకగా దొరికే బెవాసిజుమాబ్, ఖరీదైన రానిబిజుమాబ్‌కు చూపు విషయంలో తీసిపోదని 2011లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశీలన తేల్చింది. 2015 నుంచి రానిబిజుమాబ్ వంటి మందు మన దేశంలోనే తయారవుతోంది.

అంతకుముందు ఇలాంటి జబ్బుకు లేజర్ తప్ప పెద్ద దారి లేదు. అది చాలామందికి జబ్బును ఆపేదే గాని పోయిన చూపును అంతగా తిరిగి ఇచ్చేది కాదు. ఈ ఇంజక్షన్ కొందరికి పోయిన చూపును కొంత తిరిగి ఇచ్చింది. కాని ఒక మెలిక ఉంది. మందు ప్రభావం కొన్ని వారాలే. మళ్ళీ వేయించుకోవాలి. మళ్ళీ, మళ్ళీ. ఆపరేషన్ అయితే ఒకసారి పళ్ళు బిగబట్టి ఓర్చుకుంటాం. ప్రతి నెలా ఓర్చుకోవాలంటే మనిషి వల్ల కాదు. అందుకే ఈ చికిత్సలో రోగికి సౌఖ్యం కలిగించడం విలాసం కాదు, చికిత్సలో భాగమే. భయపడిన రోగి మళ్ళీ రాడు. రాకపోతే చూపు పోతుంది.

నా సంగతి

2018లో నా ఎడమ కంట్లో నీరు చేరిందని, నెలకొకటి చొప్పున ఇంజక్షన్లు అవసరమని చెప్పారు. ఆ ఆసుపత్రి పేరు రాయను. ఒక గదిలో పదిమందిని వరసగా కూర్చోబెట్టి చుక్కలు వేశారు. నా వంతు వేగంగా వచ్చేసింది. ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పలేదు. రెప్పలకు క్లిప్పు బిగించారు, ఏదో ద్రవం పోస్తే మండింది. "కదలకు" అని ఒక కేక. చుక్కలు పనిచేసే దాకా ఆగలేదనుకుంటాను, సూది చురుక్కుమంది. ఆ రాత్రంతా కంట్లో ఇసుక పోసినట్టు మంట.

మళ్ళీ నెల వచ్చింది. నేను వెళ్ళలేదు. మేనకోడలి పెళ్ళి అన్నాను, వానలు అన్నాను, ట్రెజరీలో పని ఉందన్నాను. ఇలా అయిదు నెలలు నెట్టాను. ఒకరోజు మా ఆవిడ నా ముందు నిలబడి, "మీరు గంట నుంచి పేపరు పట్టుకున్నారు. ఒక్క పేజీ తిప్పలేదు" అంది. నిజమే. అక్షరాలు వంకర్లు పోతున్నాయి. వాక్యం మధ్యలో మసక.

మా అబ్బాయి వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. అక్కడ ఒక నర్సమ్మ నా పక్కన కూర్చొని, "బాబాయిగారూ, ఇప్పుడు చుక్కలు వేస్తాను, చల్లగా ఉంటుంది. అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ వేస్తాను. తర్వాత మందుతో కడుగుతాను, అది కొంచెం మండుతుంది, కాని చీము పట్టకుండా కాపాడేది అదే" అని ముందే చెప్పింది. సూది వేసేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నొప్పి అనిపిస్తే నా చెయ్యి నొక్కండి" అంది. నొక్కవలసిన అవసరం రాలేదు. ఎవరో వేలితో కంటిని ఒత్తినట్టయింది, అయిపోయింది. తర్వాత ఉప్పునీటితో శుభ్రంగా కడిగారు. ఆ రాత్రి నిద్ర పట్టింది. మందు అదే, సూది అదే.

ఆ తర్వాత 11 ఇంజక్షన్లు వేయించుకున్నాను. నీరు తగ్గింది. కాని ఆ అయిదు నెలల్లో పోయిన చూపు పూర్తిగా రాలేదు. ఎడమ కంటితో మీ ముఖాలు తెలుస్తాయి గాని, అచ్చు అక్షరం చదవలేను. ఈ వ్యాసం కుడి కంటితో రాస్తున్నాను.

ఒక మాట ఒప్పుకోవాలి. ముప్పయి ఏళ్ళు కౌంటరు ఇవతల కూర్చున్న గుమాస్తాను నేను. ఫ్యామిలీ పెన్షన్ కాగితాలతో వచ్చిన ఆడవాళ్ళకు ఏ కాగితం ఎందుకో చెప్పకుండా "రేపు రండి" అన్న రోజులు నాకూ ఉన్నాయి. వాళ్ళలో ఎందరు మళ్ళీ రాకుండా ఊరుకున్నారో! కుర్చీకి అవతలివైపు కూర్చున్నాక గాని, ఒక్క వివరణ మాట విలువ నాకు తెలియలేదు.

మనం తెలుసుకోవలసినవి

ఇంజక్షన్ అవసరమైన మిత్రులకు నా అనుభవం మీద, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదాని మీద నాలుగు మాటలు.

1. వాడే సూది సాధారణంగా 30 నంబరుది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. దీని మందం మిల్లీమీటరులో మూడో వంతుకన్నా తక్కువ. మందు 0.05 మిల్లీలీటరు, అంటే ఒక చుక్కంత. సూది దిగేది నల్లగుడ్డులో కాదు, దాని అంచు నుంచి 3.5–4 మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులో. లోపల ఉండేది కొన్ని క్షణాలే.

2. మత్తు చుక్కలు పనిచేయడానికి వ్యవధి కావాలి. ఇంకా స్పర్శ తెలుస్తుంటే మొహమాటపడకుండా చెప్పండి. మరోసారి చుక్కలు వేస్తారు. అవసరమైతే కంటి పైపొర కింద మత్తు ఇస్తారు.

3. మంట పుట్టించేది చాలావరకు పొవిడోన్ అయోడిన్ ద్రవం. అది వద్దనకండి, ఇన్ఫెక్షన్‌ను ఆపేది అదే. పని అయ్యాక బాగా కడగమని అడగండి. కృత్రిమ కన్నీటి చుక్కలు వాడవచ్చేమో అడగండి. అయోడిన్ అసలు పడనివారికి క్లోర్‌హెక్సిడిన్ అనే మందు కొన్నిచోట్ల వాడుతున్నారు.

4. ఏ దశలో ఏం చేస్తారో ముందే చెప్పమనండి. చెయ్యి పట్టుకోవడానికి మనిషి కావాలని అడగడం సిగ్గు కాదు. ఊపిరి బిగపట్టకుండా, డాక్టరు చూడమన్న వైపే చూడండి.

5. తెల్లగుడ్డు మీద ఎర్రటి మచ్చ, కళ్ళ ముందు నల్లచుక్కలు ఒకటి రెండు రోజులు సాధారణం. కాని తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరుగుతున్నా, చూపు తగ్గుతున్నా, సెలవు దినమైనా సరే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. కన్ను నలపకూడదు.

6. వాయిదా వేయవద్దు. కొత్తగా వచ్చిన కొన్ని మందులతో కొందరికి మూడు నాలుగు నెలల వ్యవధి కూడా సరిపోతోంది. భయం ఉంటే మానేయకుండా, ఆ భయం సంగతే డాక్టరుకు చెప్పండి.

ఇంద్రియాలన్నిటిలోకీ కన్ను ముఖ్యమని మన పెద్దలు ఊరికే అనలేదు. కప్ప కంట్లో చుక్క వేసిన కుర్ర డాక్టరు మొదలుకొని, ఒంటిమీద మందు పరీక్షించుకున్న శాస్త్రజ్ఞుడి దాకా ఎందరో పనిచేస్తే ఈ సూది ఇంత తేలికైంది. మిగిలిన కాస్త కష్టాన్ని తగ్గించడానికి కొత్త మందు అక్కర్లేదు. ఒక మంచి మాట, ఒక చెయ్యి చాలు. మన సంఘంలో ఎవరికైనా తోడు వచ్చేవారు లేకపోతే సంఘ కార్యాలయంలో కబురు చెప్పండి. కంటి ఆసుపత్రి దారి నాకు బాగా తెలుసు. నేను వస్తాను.

ఇట్లు,
మీ తోటి పెన్షనరు,
విశ్రాంత సీనియర్ అసిస్టెంటు